జ్ఞాపకానికీ ఒక చిరునామా

మన నగరంలో ఎవరినైనా ఇల్లు ఎక్కడని అడిగి చూడండి. ఇంటి నంబరు చెప్పేవారు తక్కువ. "ఉప్పల్ రింగ్ రోడ్డు నుండి సికింద్రాబాద్ వైపు వస్తూ సర్వే ఆఫ్ ఇండియా గోడ దాటాలి, మస్జిద్ మినార్ కనిపించే గల్లీలో మూడో ఇల్లు" అనేవారే ఎక్కువ. చెప్పేవారు ఆ క్షణాన తమ గదిలో కూర్చునే ఉంటారు. అయినా వారి మనసు రింగ్ రోడ్డు దాటుతుంది, గోడ వెంట నడుస్తుంది, మినార్ కనబడగానే పక్కకు తిరుగుతుంది. కాలు కదపకుండానే దారి అంతా నడిచి వచ్చే ఈ శక్తిని మనం ప్రతిరోజూ వాడుకుంటున్నాము. అయితే అది ఎంత గొప్ప అనుగ్రహమో ఆలోచించేది బహు తక్కువ.

విచిత్రమేమంటే, దేశపు పటాలు గీయడం నేర్పే చోటు మన ఉప్పల్‌లోనే ఉంది. 1767లో ప్రారంభమైన సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన శిక్షణ సంస్థ ఇక్కడిదే. దానికి కొద్ది దూరంలో, హబ్సిగూడ దారిలో, భూమి లోతుల్ని కొలిచే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుండి పనిచేస్తున్నది. మెట్రో స్టేషన్‌కు కూడా దాని పేరే పెట్టారు. ఆ సంస్థల్లో విద్యావంతులు పరికరాలతో నేలను కొలుస్తుంటే, వాటి గోడల పక్కగా నడిచి వెళ్లే పాలబ్బాయి, పనిమనిషి, బడిపిల్లవాడు ఏ పరికరమూ లేకుండా తమ తలలో తమ పటాన్ని గీసుకుంటూ వెళ్తారు. ఆ లోపలి పటం గురించి గత డెబ్బై, ఎనభై ఏళ్లలో శాస్త్రజ్ఞులు తెలుసుకున్న సంగతులు మదరసా ఉపాధ్యాయులమైన మాకు ఎంతో ఉపకరించాయి. పిల్లల చదువుకూ, ఇంటి పెద్దల ఆరోగ్యానికీ సంబంధించినవి కనుక వాటిని పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాము.

తలలోని నక్షా

1930లో అమెరికాలో ఎడ్వర్డ్ టోల్మన్, ఛార్లెస్ హాంజిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలుకలను మలుపుల దారుల పెట్టెలో వదిలారు. కొన్ని ఎలుకలకు దారి చివర ప్రతిరోజూ మేత పెట్టారు. కొన్నింటికి మొదటి పది రోజులు ఏమీ పెట్టలేదు. అవి ఊరికే తిరుగుతున్నట్టే కనిపించాయి. పదకొండో రోజున మేత పెట్టడం మొదలుకాగానే, రోజూ మేత దొరికిన ఎలుకలతో సమానంగా అవి కూడా తక్కువ తప్పులతో పరుగెత్తాయి. అంటే ఆ పది రోజులూ వృథా పోలేదు. ప్రతిఫలమేమీ లేకపోయినా అవి దారి నేర్చుకుంటూనే ఉన్నాయి. జీవుల మెదడులో చుట్టుపక్కల స్థలం యొక్క నక్షా తయారవుతుందని టోల్మన్ 1948లో ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు.

ఆ నక్షా మెదడులో ఎక్కడున్నదన్న ప్రశ్నకు జవాబు 1971లో లభించింది. లండన్‌లో పనిచేసే జాన్ ఓ కీఫ్, మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగాన్ని పరిశీలించాడు. ఇది చెవుల లోపలి వైపున, తలకు ఇరుపక్కలా ఉండే చిన్న భాగం. దాని ఆకారం సముద్రపు గుర్రం అనే చేపను పోలి ఉండడం వల్ల ఆ గ్రీకు పేరు వచ్చింది. ఎలుక గదిలో ఒక మూలకు వెళ్లినప్పుడు అక్కడి ఒక కణం చురుకవుతుంది. మరో మూలకు వెళ్తే మరో కణం చురుకవుతుంది. వీటికి స్థల కణాలు అని పేరు. 2005లో నార్వేకు చెందిన మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ అనే పరిశోధకులు, హిప్పోకాంపస్‌కు సమాచారం అందించే పక్క భాగమైన ఎంటోరైనల్ కార్టెక్స్‌లో మరో రకం కణాలను కనుగొన్నారు. జంతువు తిరుగుతున్నప్పుడు ఆ కణం ఒక్కటే అనేక చోట్ల చురుకవుతుంది. ఆ చోట్లను గుర్తు పెడితే సందు చుక్కలు పెట్టిన ముగ్గులా, మస్జిద్ కిటికీకి చెక్కిన ఆరు మూలల జాలీలా సమాన దూరాలలో అమరి ఉంటాయి. పటం గీసేవాడు కాగితంపై ముందుగా గీసుకునే గళ్ల వంటిదన్నమాట. ఈ ఆవిష్కరణలకు ఆ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ రంగంలో మన తెలుగువారి కృషి కూడా ఉంది. తెలుగులో విజ్ఞాన రచనలు చేసిన వి. శ్రీనివాస చక్రవర్తి గారు ఐఐటీ మద్రాసులో ఆచార్యులు. ఇటువంటి కణాలు మెదడులో ఎలా రూపొందుతాయో గణితం ద్వారా, కంప్యూటర్ నమూనాల ద్వారా వివరించే పరిశోధన వారి బృందం చేసింది. నేలపై తిరిగే ఎలుకల విషయంలోనే కాక, గాలిలో పైకీ కిందికీ ఎగిరే గబ్బిలాల విషయంలోనూ ఆ నమూనాను వర్తింపజేస్తూ వారు 2018లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు.

దారి చూపే చోటే గుర్తుంచుకునే చోటు

ఇంతవరకూ చెప్పినది దారి గురించి. ఈ భాగానికి జ్ఞాపకంతో ఉన్న సంబంధం మరో విధంగా బయటపడింది. హెన్రీ మొలైసన్ అనే అమెరికా యువకునికి తీవ్రమైన మూర్ఛ వ్యాధి ఉండేది. 1953లో అతని 27వ ఏట వైద్యులు శస్త్రచికిత్స చేసి హిప్పోకాంపస్‌ను ఇరువైపులా చాలావరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి. అయితే ఆ రోజు మొదలు 2008లో మరణించేవరకు అతనికి కొత్త సంఘటన ఏదీ మనసులో నిలవలేదు. ఉదయం పరిచయమైన వైద్యురాలు మధ్యాహ్నం వస్తే కొత్త మనిషే. బాల్యపు సంగతులు మాత్రం చెప్పగలిగేవాడు. పాత జ్ఞాపకాలు కాలక్రమాన మెదడులోని ఇతర భాగాలకు చేరుతాయనీ, కొత్త సంఘటనను పట్టి నిలిపేందుకు మాత్రం హిప్పోకాంపస్ తప్పనిసరి అనీ దీనివల్ల శాస్త్రజ్ఞులు గ్రహించారు.

ఒకే భాగం దారినీ కనిపెడుతున్నది, జ్ఞాపకాన్నీ నిలుపుతున్నది. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. జరిగిన ఏ సంగతి అయినా ఎక్కడో ఒక చోటే జరుగుతుంది. నిన్న ఫలానా మిత్రుడు ఏమన్నాడో గుర్తు రాకపోతే, ఎక్కడ నిలబడి మాట్లాడుకున్నామో తలచుకుంటాము. నాచారం పెద్ద రోడ్డు మీద పండ్ల బండి దగ్గర అని చోటు తట్టగానే మాట కూడా వెంట వస్తుంది. మన జ్ఞాపకాలకు ఇంటి నంబర్లు లేవు గానీ, చిరునామాలు తప్పక ఉన్నాయి.

పుటే పిల్లవాని వీధి

మేము నాచారంలో ఇరవై ఏళ్లకు పైగా హిఫ్జ్ తరగతి నడుపుతున్నాము. దివ్యఖుర్ఆన్‌లో 114 సూరాలు, 30 భాగాలు ఉన్నాయి. పదిహేను పంక్తుల ముస్‌హఫ్‌లో అవి 600కు పైగా పుటలు. పది, పన్నెండేళ్ల పిల్లవాడు, తన మాతృభాష కాని భాషలో, ఇంతటి గ్రంథాన్ని మూడు, నాలుగేళ్లలో కంఠస్థం చేస్తాడు. చూసేవారు దీన్ని నాలుక సాధించిన విజయమనుకుంటారు. తరగతిలో కూర్చున్నవారికి మరో సంగతి తెలుస్తుంది. పాఠం మధ్యలో ఆగిపోయిన పిల్లవాడు కళ్లు మూసుకొని, తల కొద్దిగా ఒక పక్కకు తిప్పుతాడు. "ఎక్కడుంది?" అని అడిగితే, "కుడి పుటలో, కింద నుండి మూడో పంక్తిలో" అంటాడు. మాట ఇంకా నోటికి రాలేదు. దాని చోటు మాత్రం అప్పటికే కనిపిస్తున్నది.

ఈ కారణంగానే మన పెద్ద ఉస్తాదులు ఒక నియమం పెట్టారు. ఏ ముస్‌హఫ్‌లో బిస్మిల్లా చేశాడో అందులోనే పూర్తి చేయాలి. అది చినిగిపోతే అదే ముద్రణ, అన్నే పంక్తులు ఉన్న ప్రతి తెచ్చుకోవాలి. పదిహేను పంక్తుల ప్రతిలో చదివిన పిల్లవానికి పదమూడు పంక్తుల ప్రతి ఇస్తే, అక్షరాలన్నీ అవే అయినా, వాడు తెలియని ఊరిలో దిగినట్టు తడబడతాడు. సెల్‌ఫోన్‌లో వేలితో పైకి జరుపుతూ చదివితే పుట అనేదే ఉండదు. పై పంక్తి కాసేపట్లో కింద పంక్తి అవుతుంది. ఆనవాళ్లు రోజుకొక చోటికి మారే వీధిలో ఇల్లు గుర్తుపట్టడం ఎవరి తరం? ఫోన్‌లో చదవక తప్పని పిల్లలకు, అచ్చు పుట యథాతథంగా కనిపించే పద్ధతిని ఎంచి ఇవ్వమని తల్లిదండ్రులకు చెబుతుంటాము.

దీనికి లోకంలో మరో సాక్ష్యం కూడా ఉంది. జ్ఞాపకశక్తి పోటీలలో గెలిచినవారిని లండన్ పరిశోధకురాలు ఎలినార్ మగ్వైర్ బృందం 2003లో పరీక్షించింది. వారి మెదడు నిర్మాణంలో ఇతరులకంటే భిన్నమైనదేదీ కనబడలేదు. తెలివితేటల పరీక్షలలోనూ తేడా లేదు. అయితే వారిలో అత్యధికులు గుర్తుంచుకోవలసిన వాటిని, తమకు తెలిసిన దారిలోనో ఇంటిలోనో ఒక్కో చోట పెట్టుకుంటూ వెళ్లి, తిరిగి నడుస్తూ ఏరుకుంటారని తెలిసింది. కనుక మన పిల్లవానికి "జ్ఞాపకశక్తి లేదు" అనే ముందు, వాడికి గుర్తుంచుకునే చోటు ఇచ్చామా అని అడగడం న్యాయం.

రెండు సూరాల కూడలి

హిఫ్జ్ చేసేవారికి అన్నిటికంటే కష్టమైనవి ముతషాబిహాత్, అంటే ఒకదానినొకటి పోలిన వాక్యాలు. అల్ బఖరా సూరా 58వ వాక్యమూ, అల్ ఆరాఫ్ సూరా 161వ వాక్యమూ అటువంటివి. రెండింటిలోనూ ఇస్రాయీల్ సంతతివారికి ఒక పట్టణం గురించి ఇచ్చిన ఆదేశమే ఉంది. ఒకచోట ప్రవేశించమనే పదం, మరొకచోట నివసించమనే పదం. ద్వారంలో వినమ్రంగా ప్రవేశించడం, క్షమాపణ పలుకు పలకడం అనే రెండు మాటల వరుస కూడా తారుమారుగా ఉంటుంది. తరావీహ్ నమాజులో అల్ బఖరా చదువుతున్న యువ హాఫిజ్ ఇక్కడ ఏమరుపాటున అల్ ఆరాఫ్‌లోకి వెళ్లిపోతాడు. వెనుక నిలబడిన శ్రోత లుఖ్మా ఇచ్చి దారికి తేవలసి వస్తుంది.

భువనగిరి వైపు నుండి వచ్చిన ఒక విద్యార్థి ఇక్కడే నెల రోజులు చిక్కుకుపోయాడు. పోలిన వాక్యాలను విడిగా వందసార్లు వల్లించినా ప్రయోజనం కలగలేదు. అప్పుడు మేము వాణ్ణి ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టాము: "పన్నెండు ఊటలు నీకు ముందున్నాయా, వెనుకనా?" మూసా (అలైహిస్సలాం) చేతికర్రతో రాతిని కొట్టగా పన్నెండు నీటి ఊటలు వెలువడిన ఉదంతం రెండు సూరాలలోనూ ఉంది. అల్ బఖరాలో అది పట్టణం తర్వాత, 60వ వాక్యంలో వస్తుంది. అల్ ఆరాఫ్‌లో పట్టణానికి ముందే, 160వ వాక్యంలో వచ్చేస్తుంది. కాబట్టి ఊటలు దాటి పట్టణానికి చేరితే అది అల్ ఆరాఫ్. పట్టణం చేరినా ఊటలు ఇంకా రాలేదంటే అది అల్ బఖరా. వారం రోజుల్లో ఆ పిల్లవాని తడబాటు తీరిపోయింది. వాడికి లోపించినది పదం కాదు, తాను ఏ దారిన వచ్చాడన్న ఎరుక.

సరిగ్గా ఇదే సంగతిని 2000లో ఎమ్మా వుడ్, హోవర్డ్ ఐకెన్‌బామ్ తదితరులు ఎలుకల మెదడులో చూశారు. ఒక నడవ, దాని చివర ఎడమకూ కుడికీ చీలిక. ఎలుక ఒకసారి ఎడమకు, మరుసటిసారి కుడికి వెళ్లాలి. నడవ రెండు ప్రయాణాలకూ ఒక్కటే. గోడలూ నేలా అవే. అయినా హిప్పోకాంపస్‌లోని అనేక కణాలు, అది ఎడమకు వెళ్లే ప్రయాణమైతే ఒక విధంగా, కుడికి వెళ్లే ప్రయాణమైతే మరో విధంగా స్పందించాయి. ఒకే చోటు రెండు ప్రయాణాలలో రెండు చోట్లుగా నమోదవుతున్నది. పిల్లలకు పాఠం చెప్పే ప్రతి ఒక్కరికీ ఇందులో పనికివచ్చే విషయముంది. తడబడిన చోటనే మళ్లీ మళ్లీ తొక్కిస్తే లాభం తక్కువ. అయిదారు వాక్యాలు వెనక్కి తీసుకెళ్లి, అక్కడి నుండి నడిపించుకు రావాలి. ఎక్కాలకైనా, చరిత్ర పాఠానికైనా ఇది వర్తిస్తుంది.

నిద్రలో మరోసారి నడక

మదరసా దినచర్యలో కొత్త పాఠమైన సబఖ్ ఫజ్ర్ నమాజు తర్వాత, ఇటీవలి పాఠాల వల్లింపు పగటిపూట, పాత భాగాల పునశ్చరణ అయిన ఆమూఖ్తా సాయంత్రం జరుగుతాయి. మధ్యాహ్నం ఖైలూలా, అంటే కొద్దిపాటి నిద్ర. ఆ నిద్రను సోమరితనంగా భావించి, ఆ గంటలోనూ ట్యూషన్ పెట్టించాలని కోరే తల్లిదండ్రులున్నారు.

1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ అనే శాస్త్రజ్ఞులు, ఎలుక మెలకువలో నడిచినప్పుడు కలిసి చురుకైన స్థల కణాలు, ఆ తర్వాతి నిద్రలోనూ కలిసి చురుకవుతున్నట్టు గమనించారు. పగలు నడిచిన దారిని మెదడు నిద్రలో మరొకసారి నడుస్తున్నది. తర్వాతి పరిశోధనల్లో, నిద్రలోని ఆ మననాన్ని ఆటంకపరిస్తే ఎలుకలు నేర్చుకోవడం మందగించింది. కాబట్టి రాత్రి పన్నెండు దాకా తెరకు అతుక్కుపోయే పిల్లవాడు నష్టపోయేది విశ్రాంతి ఒక్కటే కాదు. ఆ రోజు చదివిన పాఠపు పునశ్చరణ కూడా పోతుంది. ఖుర్ఆన్ ధారణను కట్టివేసిన ఒంటెతో పోల్చి, దానిని కనిపెట్టుకుని ఉండాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. కట్టు బిగించడంలో పగటి వల్లింపుకు ఎంత భాగముందో, వేళకు పడుకున్న రాత్రికీ కొంత భాగముంది.

నడవబోయే దారి

ఈ నక్షా గడిచినదానికి మాత్రమే పరిమితం కాదు. దారి చీలిక దగ్గర ఎలుక ఆగి అటూ ఇటూ చూస్తుంది. 2007లో ఆడమ్ జాన్సన్, డేవిడ్ రెడిష్ ఆ క్షణాన హిప్పోకాంపస్‌ను పరిశీలించగా, ఎలుక నిలబడిన చోటి కణాలకు బదులు, ముందున్న దారుల కణాలు ఒకదాని తర్వాత ఒకటి చురుకవుతూ కనిపించాయి. అంటే కాలు వేయకముందే అది ఒక దారిలోకీ, మరో దారిలోకీ మనసు పంపి చూస్తున్నది. అదే ఏడాది లండన్‌లో డెమిస్ హసాబిస్ బృందం, హిప్పోకాంపస్ దెబ్బతిన్న రోగులను ఒక సముద్రతీరాన్నో, ఒక బజారునో ఊహించి వర్ణించమని అడిగింది. వారు ముక్కలు ముక్కలుగా తప్ప ఆ దృశ్యాన్ని ఒకచోట కూర్చలేకపోయారు. గతాన్ని నిలుపుకోలేని మెదడుకు రేపటిని ఊహించడమూ కష్టమే.

మన ఇళ్లలో ఈ పని అందరికంటే బాగా చేసేవారు తల్లులు. నాచారంలోని ఇంటి నుండి బయలుదేరి, ఈఎస్ఐ ఆసుపత్రిలో అత్తగారి మందులు తీసుకుని, అక్కడి నుండి ఉప్పల్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లి, అస్ర్ వేళకు తిరిగి రావాలి. హబ్సిగూడ చౌరస్తా మీదుగా పెద్ద రోడ్డు పట్టాలా, చిలుకానగర్ లోపలి వీధుల గుండా వెళ్లాలా, ఏ వేళ ఏ దారిలో రద్దీ ఉంటుంది, కూరగాయలు పోయేటప్పుడు కొనాలా, వచ్చేటప్పుడా అన్నదంతా పొయ్యి దగ్గర నిలబడే తేల్చేస్తారు. దీనిని ఎవరూ విద్యగా లెక్కించరు. కానీ తలలో పటం లేనివారు ఈ పని చేయలేరు.

ఇప్పుడు ఆ పటాన్ని చేతిలోని ఫోన్‌కు అప్పగిస్తున్నాము. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, లండన్‌లోని సోహో వీధుల్లో దారి వెతుక్కోవలసిన పనిని కొందరికి ఇచ్చి వారి మెదడును పరిశీలించారు. తామే దారి ఆలోచించుకున్నప్పుడు, కొత్త వీధిలోకి తిరిగిన ప్రతిసారీ హిప్పోకాంపస్ చురుకైంది. యంత్రం చెప్పిన మలుపులు తిరిగినప్పుడు ఆ చురుకు కనబడలేదు. అదే నగరంలో వీధుల జ్ఞానంపై కఠినమైన పరీక్ష నెగ్గితే గానీ టాక్సీ నడిపేందుకు అనుమతి రాదు. సుమారు 25,000 వీధులు నేర్వాలి. ఆ డ్రైవర్లలో హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరులకంటే పెద్దదని మగ్వైర్ బృందం 2000లో తెలిపింది. శిక్షణకు ముందూ తర్వాతా పరీక్షించి, నేర్చి నెగ్గినవారిలోనే ఆ పెరుగుదల వచ్చిందని 2011లో నిర్ధారించింది. అంటే పెద్దయ్యాక కూడా, శ్రమించినవారికి ఈ శక్తి పెరుగుతుంది.

మా తరగతిలో నాచారం, మల్లాపూర్‌లలోనే పుట్టి పెరిగిన పిల్లలున్నారు. ఇంటి నుండి మదరసాకు రెండో దారి చెప్పమంటే చాలామంది మౌనం వహిస్తారు. గుమ్మం ముందు వ్యాను ఎక్కి, గేటు ముందు దిగేవారికి మధ్యలోని ఊరు కనబడదు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. భద్రత గురించిన ఆందోళన న్యాయమైనదే. అయితే తన పేటలో ఏ మలుపు ఎటు పోతుందో తెలియని ఆడపిల్ల, తెలిసిన ఆడపిల్లకంటే సురక్షితంగా ఉంటుందా? తండ్రో, తల్లో, అన్నో వెంట ఉండి నడిపిస్తూ నేర్పితే భద్రతా ఉంటుంది, నక్షా ఉంటుంది.

తెలిసిన వీధిలో దారి తప్పితే

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. మా మస్జిద్‌కు ఏళ్లుగా వచ్చే ఒక పెద్దాయన నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు పనిచేసి విరమించారు. ఆ కాలమంతా సైకిల్ మీదే తిరిగినవారు. ఒకరాత్రి ఇషా నమాజు తర్వాత మలుపు దగ్గర చాలాసేపు నిలబడిపోయారు. పిల్లలు ఇంటికి చేర్చారు. వయసు మీద పడిందని కొందరన్నారు. రోడ్ల పనులతో దారులు మారిపోయాయని ఇంట్లోవారు సర్దిచెప్పుకున్నారు. ఈ వాదనలో కొంత నిజముంది. 2017లో నాగోలు నుండి మెట్రో వచ్చింది. 2023లో ఉప్పల్ కూడలిపై పాదచారుల ఆకాశవంతెన వచ్చింది. వరంగల్ రోడ్డులో వంతెన స్తంభాలు లేచాయి. ఆకాశవంతెన మీద ఏ మెట్లు దిగితే ఎటు తేలతామో యువకులకే తికమకగా ఉంటుంది.

ఆయన కుమార్తె మాత్రం ఒక ప్రశ్న అడిగింది: "అబ్బా దారి మరిచింది ఉప్పల్ కూడలిలో కాదు, మన గల్లీలో. ఇక్కడ ఏం మారింది?" ఆమె పట్టుబట్టి వైద్యుని వద్దకు తీసుకువెళ్లింది. అది అల్జీమర్స్ తొలిదశ అని తేలింది.

ఆమె ప్రశ్న శాస్త్రపరంగా కూడా సరైనదే. అల్జీమర్స్ వ్యాధిలో మొట్టమొదట దెబ్బతినే చోట్లలో ఒకటి ఎంటోరైనల్ కార్టెక్స్. పైన చెప్పిన గళ్ల కణాలు ఉండేది అక్కడే. ఆ తర్వాత హిప్పోకాంపస్. అందువల్ల కొందరిలో పేర్లు, ముఖాలు మరవడానికి ముందే తెలిసిన చోట దారి తప్పడం మొదలవుతుంది. కొత్తగా కట్టిన కూడలిలో తికమకపడడం ఎవరికైనా సహజం. ముప్పై ఏళ్లుగా మారని వీధిలో తికమకపడితే వైద్యునికి చూపించాలి. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, మనోవ్యాకులత వంటి కారణాల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి చికిత్స ఉంది. వయసు అని కొట్టిపారేస్తే నయమయ్యేది కూడా నయం కాకుండా పోతుంది.

నగరానికి పడమటి అంచున గచ్చిబౌలిలో ఉన్న ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు, 100 మంది భారతీయుల స్కానింగ్ చిత్రాల ఆధారంగా భారతీయ మెదడు పటాన్ని రూపొందించి 2019లో వెల్లడించారు. అంతవరకు వైద్యులు పాశ్చాత్యుల మెదడు కొలతలతోనే పోల్చుకోవలసి వచ్చేది. మన సగటు మెదడు వారికంటే కొంత చిన్నదనీ, హిప్పోకాంపస్ పరిమాణంలో కూడా తేడా ఉన్నదనీ ఆ పటం చూపింది. మన పెద్దల మెదడు నిజంగా కుంచించుకుపోతున్నదా, లేక అది మనవారికి సహజమైన పరిమాణమేనా అన్నది తేల్చేందుకు మన కొలబద్దే కావాలి కదా.

ఆ పెద్దాయన ఇప్పటికీ మస్జిద్‌కు వస్తున్నారు. మనవడు చేయి పట్టుకుంటాడు, కానీ మలుపు దగ్గర ఒక క్షణం ఆగి, తాత ఎటు అంటారో చూస్తాడు. చాలా రోజులు ఆయన సరిగ్గానే చెబుతారు. జేబులో చిరునామా, కుమార్తె ఫోన్ నంబరు ఉన్న కార్డు ఉంటుంది. ఇంట్లో మంచం, వుజూ చేసే చోటు, చెప్పుల స్థలం మార్చలేదు. దీనికీ ఆధారముంది. ముందు చెప్పిన హెన్రీ మొలైసన్, శస్త్రచికిత్స తర్వాత చేరి ఏళ్ల తరబడి నివసించిన ఇంటి గదుల నక్షాను తప్పు లేకుండా గీయగలిగాడు. రోజూ అదే నడక నడవడం వల్ల, కొత్త సంగతి ఏదీ నిలవని మెదడులో కూడా ఆ ఇల్లు నిలిచింది.

ఇంటివద్ద చేయదగినవి

ఇందులో డబ్బు ఖర్చయ్యేదేమీ లేదు. పిల్లవానికి ఒకే ముస్‌హఫ్, ఒకే పాఠ్యపుస్తకం, చదువుకునేందుకు ఇంట్లో ఒకే మూల కేటాయించండి. తడబడితే నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్లండి. వేళకు నిద్రపుచ్చండి. వారానికొకసారి మస్జిద్‌కో, బంధువుల ఇంటికో కాలినడకన తీసుకెళ్లి, తిరుగు ప్రయాణంలో వాణ్ణే ముందు నడవనివ్వండి. తప్పు మలుపు తిరిగితే వెంటనే లాగకండి, కొంతదూరం పోయి తానే గ్రహించనివ్వండి. వెళ్లిన దారి ఒకటి, వచ్చే దారి మరొకటి అయితే ఇంకా మంచిది. పండుగ నమాజుకు దైవప్రవక్త (స) ఒక దారిన వెళ్లి మరో దారిన తిరిగి వచ్చేవారని హదీసులలో ఉంది. దాని ఉద్దేశాల గురించి పండితులు ఎన్నో చెప్పారు. మెదడు శాస్త్రాన్ని దానికి అంటగట్టడం మా అభిమతం కాదు. అయితే ఆ సున్నత్‌ను పాటించే ఇంటి పిల్లలకు ఏడాదికి రెండుసార్లయినా రెండు దారులు తెలుస్తాయి.

ఇంట్లో పెద్దలుంటే, వారు తెలిసిన చోట దారి వెతుక్కుంటున్నారేమో గమనించండి. నవ్వకండి, నలుగురిలో ఎత్తిచూపకండి, ఆలస్యమూ చేయకండి. మనకు వీధులు నేర్పినవారు వారే. ఈద్‌గాహ్‌కు వెళ్లే దారిలో మన చేయి పట్టుకున్నది వారే.

అల్లాహ్ మన పిల్లల ధారణను దృఢపరచుగాక, మన పెద్దల వార్ధక్యాన్ని గౌరవంతో గడిపించే సహనాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.